ఎడమకు లాగే బండి

ఆంటీ ఆ రోజు కారు దిగగానే చేసిన మొదటి పని కుడి భుజం నొక్కుకోవడం. తర్వాత అటువైపు తిరిగి వెళ్లి, ముందు సీట్లో ఉన్న అంకుల్ బెల్టు తీసి, చెయ్యి పట్టుకుని దించి, మా వర్క్‌షాపు గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన లేచిపోకుండా తన చేతిసంచి ఆయన ఒళ్లో పెట్టారు. అప్పుడు నా దగ్గరికి వచ్చి, నా మొహం చూసి, "తెలుగా?" అన్నారు.

అవునన్నాను. ఆవిడ మొహం కాస్త తేలికపడింది.

"బండి ఎడం పక్కకి ఎల్లిపోతంది బాబు. నేను తిన్నగానే పట్టుకుంటన్నాను. అదే ఎల్లిపోతంది."

నేను విజయవాడ ఆటోనగర్‌లో పన్నెండేళ్లు పనిచేసి సింగపూర్ వచ్చినవాణ్ణి. వచ్చేటప్పుడు నా షెడ్డు బావమరిదికి అప్పగించాను. ఒక్క ఏడాదిలో అతను దాన్ని నాకంటే బాగా నడిపాడు. బోర్డు మీద తన పేరు రాయించుకున్నాడు, ఇంకో లిఫ్టు పెట్టించాడు. తిరిగి వెళితే అతని కింద పనిచేయాలి. ఆ మాట నాతో ఎవరూ అనలేదు గానీ, ఇంటికి ఫోన్ చేసిన ప్రతిసారీ నా భార్య షెడ్డు సంగతులు చెప్పకుండా దాటేసేది. నాకు అర్థమయ్యేది.

ఇక్కడ పనిచేసుకోవడానికి ఇచ్చే నా పాస్ మా బాస్ పేరు మీద ఉండేది. ఆయన దగ్గర పనిలో ఉన్నంత కాలం ఈ దేశంలో ఉంటాను, ఆయన వద్దంటే విమానం ఎక్కుతాను. ఇంకో చోట ఎవరైనా తీసుకుంటే మారొచ్చు అంటారు. నేను రెండు మూడు చోట్ల అడిగి చూశాను, పేరు రాసుకున్నారు, అంతే. క్లెమెంటిలో ఒక ఫ్లాటులో ఇంకో ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు, మధ్యలో ఒక ఇండస్ట్రియల్ బ్లాకు మూడో అంతస్తులో మా వర్క్‌షాపు. కిటికీ లేని చోటు అది. కార్లు ర్యాంపు ఎక్కి వచ్చేవి, బాగుపడి ర్యాంపు దిగి పోయేవి. వర్షం పడుతోందని తడిసిన టైర్లు చూసి తెలుసుకునేవాళ్లం.

బాస్ చెడ్డవాడని చెప్పలేను. అరవై దాటిన మనిషి. ఒకసారి ఫ్యాను బెల్టులో నా వేలు నలిగితే తానే కారులో క్లినిక్‌కి తీసుకెళ్లి, కుట్లు వేసేంతవరకూ పక్కన నిలబడ్డాడు. మధ్యాహ్నం తనతోపాటు నాకూ భోజనం పొట్లం తెచ్చేవాడు. వర్క్‌షాపుతో పాటు పాత కార్లు కొని అమ్మే పని కూడా ఉండేది ఆయనకి. ఆంటీ కారు మూడు నెలల కిందట ఆయన దగ్గర కొన్నదే.

బండి ఒక పక్కకు లాగుతోందంటే అందరూ ముందు చక్రాల ఎలైన్‌మెంట్ తప్పిందంటారు. నేను ముందు గాలి చూస్తాను. నాలుగు టైర్లలోనూ గాలి సమానంగానే ఉంది. ఆంటీని అడిగాను, బ్రేకు వేసినప్పుడు లాగుతోందా, మామూలుగా పోయేటప్పుడా అని. ఎప్పుడూ లాగుతుందన్నారు. అయినా చుట్టూ ఒకసారి నడిపి వచ్చి ముందు చక్రాల మధ్యలో చెయ్యి పెట్టి చూశాను. బ్రేకు ఎక్కడైనా పట్టేసి ఉంటే ఆ పక్క చక్రం ఎక్కువ వేడెక్కుతుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. ముందు టైర్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చాను. టైరులో లోపముంటే బండి ఇప్పుడు కుడికి లాగాలి. మళ్లీ నడిపాను. ఎడమకే లాగింది.

నేను ఇదంతా చేస్తున్నంతసేపూ ఆంటీ అంకుల్ పక్కనే నిలబడి తమ సంగతులు చెప్పారు. వాళ్లిద్దరూ మలేషియాలో పేరాక్ వైపు ఒక పామాయిల్ ఎస్టేటులో పుట్టారు. వాళ్ల తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు. పెళ్లయ్యాక పని కోసం దక్షిణానికి దిగి ఇక్కడే ఉండిపోయారు. అంకుల్ ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడ బస్సు నడిపారు. ఇప్పుడు ఆయనకి మతిమరుపు జబ్బు. సాయంత్రమయ్యేసరికి బుకిట్ పంజాంగ్‌లో సొంత ఫ్లాటులో కూర్చుని ఇంటికి వెళ్దాం, ఇంటికి వెళ్దాం అని తలుపు లాగుతారట. ఎంత చెప్పినా వినరట. కారులో కూర్చోబెట్టి రోడ్డెక్కితే మాత్రం నెమ్మదిస్తారు. అందుకని ఆవిడ రోజూ సాయంత్రం ఆయన్ని ఎక్కించుకుని ఎక్స్‌ప్రెస్‌వే మీద గంట, గంటన్నర తిప్పుతారు. ఒక్కోరోజు ఊరికి దక్షిణం చివరనున్న తంజోంగ్ పగార్ దాకా వెళ్లి వస్తారు. ఈ ఊళ్లో కారు ఉంచుకునే పర్మిట్టుకే కారు ఖరీదంత పోయాలి, అయినా దీనికోసమే కొన్నారు.

"ఈయన లోపలుంటే నేనూ లోపలే బాబు," అన్నారు ఆంటీ. "కూతురు ఆదివారం ఒస్తాది. ఆరు రోజులు మేమిద్దరమే. బండిలోనే నాకు గాలాడతాది."

కారు రేపటికి ఉంచమని చెప్పి టాక్సీ ఎక్కించాను.

మర్నాడు పొద్దున్నే కారుని లిఫ్టు మీద ఎక్కించాను. ఎలైన్‌మెంట్ మిషను తెరమీద ఎడమ చక్రం అంకెలు ఉండాల్సిన చోట లేవు. ఆ చక్రం కాస్త వెనక్కి జరిగి ఉన్నట్టు చూపించింది. మిషను తప్పు చెబుతుందేమోనని టేపు తీసుకుని ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలిచాను. కుడివైపు కంటే ఎడమవైపు వేలి వెడల్పంత తక్కువ వచ్చింది. మళ్లీ కొలిచాను. అంతే వచ్చింది.

ముందు చక్రాల లోపలివైపున్న ప్లాస్టిక్ కవర్లు విప్పి టార్చి వేశాను. కంపెనీలో వేసిన అతుకులు వరసగా, ఒకే దూరంలో చుక్కల్లా ఉంటాయి. కుడివైపు అలాగే ఉన్నాయి. ఎడమవైపు చుక్కలు లేవు. అక్కడ చేత్తో పూసిన పుట్టీ, దానిమీద కొత్త రంగు. రంగు గోకితే కింద వెల్డింగ్ చారలు కనిపించాయి. ఈ కారు ఎడమ మూల ఎక్కడో గట్టిగా గుద్దుకుంది. ముందు భాగాన్ని మోసే ఇనుము వంగింది. ఎవరో దాన్ని లాగి, నిలబెట్టి, అతికి, రంగు వేశారు. చాలా నేర్పుగా చేశారు. ఆటోనగర్‌లో టింకరింగ్ పని ఎంతో చూసిన నాకే విప్పేదాకా తెలియలేదు.

బాస్‌ని పిలిచి చూపించాను. ఆయన వంగి చూడలేదు. నా చేతిలో టార్చి తీసుకుని ఆర్పేశాడు.

తనకి తెలుసన్నాడు. మంచి చోట చేయించానన్నాడు, ఏమీ కాదన్నాడు. రోజూ సాయంత్రం ముసలావిడ నెమ్మదిగా నడుపుకునే బండి, రేసుకి వెళ్లేది కాదు. అంకెలు అటూ ఇటూ సర్ది తిన్నగా పోయేలా చెయ్యి, ఎందుకు లాగిందని అడిగితే ఇక్కడి రోడ్లు ఎడమకు వాలుగా ఉంటాయని చెప్పు, అది అబద్ధం కూడా కాదు కదా అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, ఇంకో రెండు నెలల్లో నీ పాస్ రెన్యూవల్ ఉంది, ఆ కాగితాల సంగతి నేను చూసుకుంటాను, నువ్వేం బెంగపడకు అన్నాడు.

ఆ మాట బెదిరింపో, దయో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన గొంతు మామూలుగానే ఉంది.

వంగిన ఇనుముని సరిచేయకుండా బండిని తిన్నగా నడిపించడానికి ఒక దారుంది. ఎడమ చక్రాన్ని పైభాగం లోపలికి ఒరిగేలా బాగా వంచి బిగిస్తే, ఎడమకు లాగడం తగ్గుతుంది. కానీ టైరు లోపలి అంచు మీదే బరువు పడి అది త్వరగా అరిగిపోతుంది. బయట నిలబడి చూసేవాళ్లకి ఆ అరుగుదల కనిపించదు. ఇవన్నీ తెలిసే ఆ పని చేశాను. మధ్యాహ్నానికల్లా అయిపోయింది.

సాయంత్రం ఆంటీ, అంకుల్ వచ్చారు. అంకుల్‌ని ఒంటరిగా వదలలేరు కాబట్టి ముగ్గురం కలిసి బండి నడిపి చూడ్డానికి వెళ్లాం. నేను నడిపాను, అంకుల్ నా పక్కన, ఆంటీ వెనక. ఎక్స్‌ప్రెస్‌వే మీద ఒక్క క్షణం స్టీరింగ్ మీద చేతులు తేల్చి చూపించాను. బండి తిన్నగా పోయింది. ఆంటీ వెనకనుంచి సంతోషపడ్డారు, నీ చెయ్యి మంచిది బాబు అన్నారు. ఏం చేశావని అడిగారు. సర్దుబాటు తప్పింది, సరిచేశాను, ఇక్కడి రోడ్లు కూడా కాస్త ఎడమకు వాలుగా ఉంటాయి ఆంటీ అన్నాను.

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని అంకుల్ తన అరచేతిని డాష్‌బోర్డు మీద పెట్టారు. కాసేపు అలాగే ఉంచి, ఎంతో మామూలుగా, టికెట్టు అడిగినవాడికి చెప్పినట్టు చెప్పారు.

"ఈ బండికి దెబ్బ తగిలినాది. ముందర, ఎడం పక్క."

అద్దంలో ఆంటీని చూశాను. ఆవిడ నవ్వుతున్నారు.

"ఆయన అలాగే అంటారు బాబు. మొన్న మా బ్లాకులో లిఫ్టుకి కూడా యాక్సిడెంట్ అయినాదన్నారు. నువ్వేటీ అనుకోకు."

నేను చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదని నాకు అప్పుడే తెలుసు. అంకుల్ చెప్పింది నిజమే ఆంటీ, అంటే చాలు. నాలుగు మాటలు. ఎక్స్‌ప్రెస్‌వే దిగగానే సిగ్నల్ పడింది, బండి ఆపాను. అంకుల్ నా వైపు తిరిగి, తను చెప్పింది సరేనా కాదా అన్నట్టు చూస్తున్నారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. ఉదయం ఏం తిన్నారో గుర్తులేని ఆయన, ఊరికే కారులో కూర్చుని, నేను రెండో రోజు విప్పితే గానీ దొరకనిది పట్టేశారు. నేను సిగ్నల్ వైపు చూస్తూ కూర్చున్నాను. పచ్చలైటు పడ్డాక బండి కదిలించాను. ఆయన చెయ్యి తీసేసి కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టారు.

ఆ తర్వాత రోజుల్లో నాకు ఎక్కువగా గుర్తొచ్చింది ఆయన చూపు కాదు, ఆంటీ నవ్వు. ఆవిడ ఆయన మాటని తోసేయడానికి నా మౌనం సాయపడింది. ఇంట్లో ఆయన ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. ఒక్కసారి నిజం చెబితే, అది నిజమని తెలిసినవాడు పక్కనే కూర్చుని నోరు మూసుకున్నాడు.

ఫోన్ చేసి చెబుదామని చాలాసార్లు అనుకున్నాను. ఆంటీ నంబరు బిల్లు పుస్తకంలో ఉంది. ప్రతిసారీ అదే లెక్క వేసేవాణ్ణి: చెబితే ఆవిడ బాస్‌ని అడుగుతారు, చెప్పింది ఎవరో ఆయనకి తెలిసిపోతుంది, ఇంకో నెలలో నేను ఆటోనగర్‌లో బావమరిది లిఫ్టు కింద పడుకుని ఉంటాను. పాస్ వచ్చాక చెబుదాం అనుకున్నాను. టైరు కొన్ని నెలలైనా తట్టుకుంటుంది, ఈలోపు సర్వీసుకి వస్తే ఏదో చెప్పి మార్చేద్దాం అని కూడా అనుకున్నాను. బస్సులో నిలబడి ఇవే ఆలోచనలు. గదికి వచ్చాక మిగతా ఇద్దరూ పడుకుని ఫోన్లు చూసుకుంటుంటే గోడవైపు తిరిగి ఇవే ఆలోచనలు.

ఆరు వారాలు గడిచాయి. ఒక శనివారం మధ్యాహ్నం కారు టో బండి మీద వచ్చింది. వెనకాలే టాక్సీలో ఆంటీ ఒక్కరే వచ్చారు. అంకుల్ కూతురు దగ్గర ఉన్నారట. ముందురోజు సాయంత్రం పెద్ద వానలో ఎక్స్‌ప్రెస్‌వే మీద వంపు తిరుగుతుంటే ముందు చక్రాలు జారాయి. కారు ఒక చుట్టు తిరిగి రోడ్డు పక్క గడ్డిలోకి పోయి ఆగింది. దేవుడి దయవల్ల వెనక వాహనం దూరంగా ఉంది. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. కానీ కారు ఆగగానే అంకుల్ బెల్టు తీసుకుని, తలుపు తెరుచుకుని దిగి, ఆ వానలో రోడ్డు అంచున నడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆంటీ ఆయన వెనక పరిగెత్తారు. పక్కనుంచి లారీలు పోతున్నాయి. చెప్పు తెగిపోయిందట. ఆయన చొక్కా చేతికి దొరికేదాకా ఎంత దూరం పరిగెత్తారో తెలియదన్నారు.

ఇదంతా ఆవిడ నిలబడి, చేతులు కట్టుకుని చెప్పారు. నేను కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని ఎడమ టైరు లోపలి అంచు తడిమాను. నున్నగా ఉంది. ఒకచోట టైరు లోపలి ఇనప తీగ బయటికొచ్చి వేలికి గుచ్చుకుంది.

"టైరు పోయినాదా బాబు?" అని అడిగారు.

అవునన్నాను. బాస్ గాజు గది లోపలినుంచి మమ్మల్నే చూస్తున్నాడు. రేపు మీ ఇంటికి వచ్చి మాట్లాడతాను ఆంటీ, అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. బ్లాకు నంబరు, అంతస్తు చెప్పారు.

ఆదివారం ఎల్ఆర్‌టీ రైలు దిగి వాళ్ల బ్లాకు కింద చాలాసేపు నిలబడ్డాను. పైకి వెళ్లేసరికి ఆంటీ కూతురు తలుపు తీసింది. ఆమె నాతో ఇంగ్లీషులోనే మాట్లాడింది. తలుపుకి పైన ఒకటి, కింద ఒకటి, రెండు గొళ్లాలు ఉన్నాయి, అంకుల్‌కి అందకుండా. ఆయన సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నారు. ఆంటీ ముందు తినమన్నారు, మకాన్ అయ్యాకే మాటలు అన్నారు. తిండిని ఇక్కడ అలాగే అంటారు. నేను తినలేనన్నాను.

నిలబడే చెప్పాను. కారుకి ముందే దెబ్బ తగిలి ఉందని, బాస్‌కి తెలుసని, నాకు రెండో రోజే తెలిసిందని, అది దాచడానికే చక్రాన్ని అలా వంచానని, టైరు అరుగుతుందని తెలిసే చేశానని. పాస్ సంగతి కూడా చెప్పాను. చెబుతుంటేనే అది ఎంత చిన్న కారణంలా వినిపిస్తోందో నాకు తెలుస్తోంది.

కూతురు ఫోన్ అందుకుని ఎవరికో చెయ్యబోయింది. ఆంటీ చేత్తో ఆగమన్నారు.

"ఆ రోజు బండిలో ఈయన చెప్పినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు ఆంటీ."

ఆవిడ చాలాసేపు అంకుల్ వైపు చూశారు. ఆయనకి మా మాటలు పట్టలేదు. తర్వాత ఆవిడ నాతో, "నన్ను మోసం చేసినందుకు కాదు నా బాధ. ఈయన్ని పిచ్చోణ్ణి చేసినావు," అన్నారు. గొంతు పెంచలేదు. క్షమించమన్నాను. కూతురే తలుపు గొళ్లాలు తీసి నన్ను బయటికి పంపింది.

తర్వాత అంతా త్వరగానే జరిగింది. కూతురు కారుని వేరే చోట పరీక్ష చేయించి, ఆ కాగితం పట్టుకుని మా బాస్ దగ్గరికి వచ్చింది. ఆయన గొడవ పడలేదు. కారు వెనక్కి తీసుకుని ఇవ్వాల్సింది ఇచ్చి పంపాడు. ఆమె వెళ్లాక నన్ను లోపలికి పిలిచి, నువ్వేనా చెప్పింది అని అడిగాడు. నేనే అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, లిఫ్టు మీద ఉన్న కారు పదకొండింటికల్లా కావాలట, వెళ్లి చూడు అన్నాడు.

నేను బట్టలు సర్దుకున్నాను. గదిలో వాళ్లకి చెప్పేశాను. భార్యకి ఫోన్ చేసి వచ్చేస్తానేమో అన్నాను. ఆమె, రండి, చూద్దాం అంది.

పాస్ రెన్యూ అయింది. బాస్ కాగితం తెచ్చి నా టూల్ బాక్సు మీద పెట్టి వెళ్లాడు. దాన్ని చూసి సంతోషించాల్సింది. ఆ రెండు వారాల్లో పంపించేస్తాడని ఎంత నమ్ముకున్నానో, దాంతో ఈ పని, ఈ మూడో అంతస్తు పీడ వదులుతుందని లోలోపల ఎంత ఆశపడ్డానో ఆ కాగితం చూశాకే తెలిసింది. ఇంకో రెండేళ్లు. ఆయన నన్ను ఎందుకు ఉంచుకున్నాడో చెప్పలేదు. పని తెలిసినవాణ్ణి వదులుకోవడం ఇష్టం లేకపోవచ్చు. అప్పట్నుంచి కొన్న ప్రతి పాత కారునీ ముందు నా చేత చూపించాడు. నిజమే చెప్పమన్నాడు, నేను నిజమే చెప్పాను. దెబ్బ తిన్నవి మా దగ్గర అమ్మడం మానేశాడు. వాటిని ఇంకో డీలరుకి పంపేవాడు. అవి ర్యాంపు దిగి ఎక్కడికి పోతున్నాయో, ఎవరి చేతికి చేరతాయో నేను అడగలేదు.

ఆ మరుసటి ఏడాది ఒక పని మీద బుకిట్ పంజాంగ్ వెళ్లి, అక్కడి హాకర్ సెంటర్‌లో భోజనం ప్లేటు పట్టుకుని చోటు వెతుకుతుంటే ఆంటీ, అంకుల్ కనిపించారు. అంకుల్ బాగా చిక్కిపోయారు. ఆవిడ ఆయనకి చెంచాతో అన్నం పెడుతున్నారు. చూడనట్టు వెళ్లిపోదామనుకున్నాను, కానీ ఆవిడ అప్పటికే తలెత్తారు.

"ఇంకా అక్కడేనా?" అని అడిగారు.

"అక్కడే ఆంటీ."

ఇప్పుడు కారు లేదట. అంకుల్ బయటికి వెళ్దామని అడగడం మానేశారట, వారానికి మూడు రోజులు పెద్దవాళ్లని చూసుకునే డే కేర్‌కి తీసుకెళతారట. ఇంతవరకూ చెప్పి ఆవిడ మళ్లీ చెంచా ఆయన నోటి దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన నా వైపు ఒకసారి చూసి నోరు తెరిచారు. కూర్చోమని ఆవిడ అనలేదు, వెళ్లమనీ అనలేదు. నేను ప్లేటు పట్టుకుని వెళ్లి రెండు వరసల అవతల ఖాళీ అయిన బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. ఒంటిగంటన్నరకి వర్క్‌షాపుకి ఒక పాత కారు వస్తుందని బాస్ చెప్పాడు, చూసి బాగుందో లేదో చెప్పాలి.